పొయ్యి మీది కంకులు

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఇద్దరు పిల్లలు. పోయిన చలికాలంలో వ్యవసాయ కాలేజీలో చదివే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి వరంగల్ మట్టెవాడలోని నా కుట్టు మిషన్ కొట్టుకు వచ్చారు. పాతకాలపు జొన్న విత్తనాన్ని ఇళ్లలో ఎట్లా దాచేవారో అడిగి రాసుకోవడం వాళ్ల పని. మా ఊళ్లో తిరిగితే చెప్పేవాళ్లు దొరకలేదట, మా తమ్ముడు నా పేరు చెప్పి పంపాడు. నేను రవిక చేతులు కత్తిరిస్తూనే పది నిమిషాల్లో అంతా చెప్పాను. కంకి ఎట్లా ఎంచాలి, ఎప్పుడు కోయాలి, పొయ్యి మీద ఎట్లా వేలాడదీయాలి. పిల్లలు సంతోషంగా రాసుకున్నారు, ఫొటో తీసుకున్నారు. మీకు ఇదంతా ఎట్లా తెలుసు ఆంటీ అని అడిగితే, గ్రంథాలయంలో చదువుకున్నదాన్ని కదా అని కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. వాళ్లు మెట్లు దిగిపోయాక కత్తెర పక్కన పెట్టి కూర్చుండిపోయాను. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ మా ఇంట్లో ఆ విత్తనాన్ని చంపింది నేనేనన్న మాట చెప్పలేదు. ఆ మాట లేకుండా ఆ పద్ధతి వాళ్ల నోటుపుస్తకంలోకి ఎక్కడం నాకు సరిగా అనిపించలేదు. వాళ్ల ఫోన్ నంబరు తీసుకోలేదు, పిలిచి చెబుదామంటే దారి లేదు. అందుకని రాస్తున్నాను, పూర్తయ్యేదాకా వదలను. బడి చదువు ఏడో తరగతితో ఆగింది నాకు. వాక్యం ఎట్లా నడవాలో నెక్కొండ గ్రంథాలయంలోని బీరువాలు నేర్పాయి. ఇందులో తప్పులుంటే అవి బీరువాలవి కావు.

మా ఊరు నెక్కొండ స్టేషన్ నుంచి గంట నడక. గూనపెంకల ఇల్లు, వెనుక పశువుల కొట్టం, దానికి ఆనుకొని వంటిల్లు. ఇంట్లో అందరికంటే ముందు లేచేది బాపమ్మ, అంటే మా బాపు తల్లి. ఆమె ఒక కంటికి పూర్తిగా పొర కమ్మింది, రెండో కంటికి కమ్ముతూ ఉంది. అయినా చీకటి విడవకముందే వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లి, ముగ్గు గీసి, పొయ్యి రాజేసేది. పచ్చి పేడ వాసన, తంగెడు కట్టె పొగ, ఉడుకుతున్న జొన్న గటక వాసన, ఈ మూడూ కలిసి నా నిద్రలోకి వచ్చేవి. బాపమ్మకు చూపు తగ్గిన కొద్దీ చేతులు పెరిగాయని అమ్మ నవ్వుతూ అనేది. ఏ వస్తువైనా తడిమి చూసేది. కుండ వేడిని, పిండి మెత్తదనాన్ని, నా నెత్తిలో నూనె ఉందా లేదా అన్నదాన్ని కూడా. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే ముందు బొడ్లోని డబ్బీ తీసి ఒక చిటికెడు నశం పీల్చేది. ఆ డబ్బీ మూత చప్పుడు వినిపిస్తే ఇంట్లో అందరం చెవులు రిక్కించేవాళ్లం.

పొయ్యికి సరిగ్గా పైన, దూలం నుంచి దూలానికి ఒక వెదురు బొంగు కట్టి ఉండేది. దానికి తలకిందులుగా జొన్న కంకుల గుత్తులు వేలాడేవి. అవి పచ్చజొన్నలు, పండినప్పుడు పసుపు రంగులో ఉండేవి. పురుగు పట్టనివ్వని ఆ పొగకు ఆరు నెలల్లో నల్లబడి, మసి పట్టి, బూజు అల్లుకొని గబ్బిలాల్లా కనిపించేవి. మాకున్న భూమిలో బాపు అప్పటికే ఏటేటా పత్తిని పెంచుతూ పోతున్నాడు. బాపమ్మ మాట మీద ఒక అరెకరం ఎర్ర చెలక మాత్రం జొన్నకు మిగిలింది. ఆ చెలకకు ఆ ఏటి విత్తనం ఆ బొంగు మీది గుత్తులే. ఇంకెక్కడా లేదు.

నాకు అప్పుడు పదమూడేళ్లు. ఏడో తరగతి అయిపోయింది, ఎనిమిది చదవాలంటే నెక్కొండ పోయి రావాలి, అది కుదరలేదు. కానీ అంగడి రోజున బాపుతో నెక్కొండ పోయినప్పుడల్లా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. అక్కడి ఉద్యోగి నర్సయ్య సార్ నన్ను ఆపలేదు. మొదటి బీరువా పైఅర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుతూ పోయాను. అర్థమైనవీ కానివీ తేడా లేదు. మూడో బీరువా దాకా వచ్చేసరికి నాకు మా ఊరి మీద చిన్నచూపు మొదలైంది. పుస్తకాల్లో వసంతం అంటే మావిచిగురు, కోయిల, మల్లెపందిరి. అదే నెలల్లో మా ఊళ్లో కోసేసిన చేల మోళ్లు, సుడిగాలి, మేకల వెంట లేచే దుమ్ము. శరత్తు అంటే పుస్తకంలో వెన్నెల, మా ఇంట్లో కలుపుకు పోయొచ్చిన అమ్మ కాళ్ల పగుళ్లు. రుతువులు ఎవరికో ఉన్నాయి, మాకు లేవు అనుకునేదాన్ని. మాకున్నవి బురద, దుమ్ము, ఆ రెంటి మధ్య పని.

బాపమ్మకు ఆరు రుతువుల పేర్లు తెలియవు. కార్తెలు మాత్రం ఇరవై ఏడూ తెలుసు, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేది. రోహిణిలో నేల పెనంలా కాలుతుంటే చెలకలోకి పోయి పిడికెడు మట్టి తీసి వాసన చూసి వచ్చేది. మృగశిరలో మొదటి వాన పడ్డప్పుడు వంట వదిలేసి వాకిట్లో నిలబడేది. ఆరుద్రలో ఎర్రటి మఖమల్ ముక్కల్లాంటి పురుగులు నేలలోంచి బయటికి వస్తాయి. అందులో ఒకదాన్ని అరచేతిలోకి ఎక్కించుకొని, అది మణికట్టు దాకా నడిచేవరకు కదలకుండా ఉండేది. జొన్న మోకాలెత్తు దాటాక నన్ను చేను నడుమకు తీసుకుపోయి కండ్లు మూసుకొమ్మనేది. ఆకు ఆకుకు రాసుకునే చప్పుడు విని, తడి తగ్గిందో లేదో చెప్పేది. సాళ్ల మధ్య గునుగు తెల్లగా తలలెత్తేది, గట్ల మీద తంగెడు పూసేది, కార్తీకంలో మంచు పడి కంకులు తలలు వంచేవి. ఇవన్నీ నా కండ్ల ముందే జరిగేవి. నేను చూసేదాన్ని కాదు. చంకలో పుస్తకం ఉండేది.

కంకులు ఎంచడం బాపమ్మ పని. కోతకు పది రోజుల ముందు, మంచు ఆరిన మధ్యాహ్నం, చేతిలో కొడవలి, నడుముకు బట్ట. నేను వెంట పోయేదాన్ని. గట్టు పక్కన ఉన్న పెద్ద పెద్ద కంకుల దగ్గర నేను ఆగితే ఆమె ఆగేది కాదు. అంచుకు ఉన్నదానికి ఎండా గాలీ ఎక్కువ దొరుకుతాయి, అది పెద్దగా కావడం దాని గొప్ప కాదని చెప్పేది. చేను నట్టనడుమ, నాలుగు వైపులా పోటీ ఉన్నచోట, గాలికి వాలిపోకుండా నిలబడ్డ కర్ర చూసేది. కంకిని పిడికిట్లో పట్టి, అడుగు దాకా గింజ నిండిందా అని వేళ్లతో నడిచేది. ఒక గింజ పంటికింద కొరికితే టక్కుమనాలి. ఇదంతా నేను ఆ పిల్లలకు చెప్పాను. ఇక చెప్పనిది చెబుతాను.

ఒక అంగడి రోజున నర్సయ్య సార్, వచ్చే ఆదివారం మీ పక్క ఊరికి చుట్టాల ఇంటికి పోతున్నాను, దారిలో మీ ఇల్లు చూసి పోతాను, ఇన్ని పుస్తకాలు చదివే పిల్ల ఇల్లు ఎట్లా ఉంటుందో చూడాలి అన్నారు. ఆయన ఆ మాట మామూలుగా అన్నారు. నాకు మాత్రం ఇంటికి వచ్చేదాకా కాళ్లు నేల మీద ఆనలేదు, ఇంటికి వచ్చాక ఇల్లు కనిపించింది. గోడలకు మసి, వంటింట్లో బూజు, పొయ్యి మీద నల్లటి గుత్తులు. అంతకు కొన్నాళ్ల ముందే ఒక ఆరోగ్యం పుస్తకంలో మసి మనుషుల ఊపిరితిత్తులకు చేటు, వంటగది తెల్లగా ఉండాలి అని చదివాను. బాపమ్మ అప్పుడు ఇంట్లో లేదు, మా మేనత్త కాన్పుకు పోయింది. అమ్మను అడిగితే, బాపమ్మ వచ్చినంక అడిగి చెయ్యమని చెప్పి పనికి పోయింది. నేను ఆగలేదు. సున్నం తడిపాను. గోడలన్నీ రెండు పూతలు వేశాను. బొంగు మీది కంకుల గుత్తులన్నీ దించి, తొట్టిలో ముంచి, మసి పోయేదాకా కడిగాను. నీళ్లు నల్లగా పోతుంటే ఎంత సంతోషమో. లోపలి నుంచి పసుపు రంగు బయటపడింది. పుస్తకంలో చదివిన ఒక మంచి మాటను మొదటిసారి ఇంట్లో చేసి చూపించాననుకున్నాను.

వాటిని వాకిట్లో చాప మీద ఆరబెట్టాను. గంట కూడా కాలేదు, రోహిణి చివరి మబ్బు కమ్ముకొని వాన మొదలైంది. అది ఆగలేదు, ముసురుగా మారింది. తడుస్తాయని కంకులన్నీ ఎత్తి, అమ్మ పెళ్లినాటి ఇనుప పెట్టెలో పేర్చి మూత వేశాను. మూడు రోజులు ముసురు. ఆదివారం తెరపి ఇచ్చింది. నర్సయ్య సార్ సైకిల్ మీద వచ్చి, గద్దె మీద కూర్చొని, ఇల్లు ముత్యంలా ఉందమ్మా అన్నారు. బాపుతో మాట్లాడి, మజ్జిగ తాగి వెళ్లారు. ఆ రోజంతా నేను తెల్ల గోడకు వీపు ఆనించి కూర్చొని చదువుకున్నాను. కంకుల సంగతి మనసులోకి రాలేదు.

మరునాడు పొద్దుగూకే వేళకు బాపమ్మ వచ్చింది. గడపలోనే ఆగి, సున్నం వాసన అంటూ గాలి పీల్చింది. వంటింట్లోకి పోయి, అలవాటు కొద్దీ పొయ్యి ముందు నిలబడి కుడి చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి బొంగును తడిమి, అటు కొస నుంచి ఇటు కొస దాకా పోయి, మళ్లీ వెనక్కి పోయింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ చెయ్యి కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

"కంకులేవి బిడ్డా?"

"కడిగిన బాపమ్మా. మసి బాగ వట్టిందని."

"కడిగి?"

"ముసురు వట్టింది. తడుత్తయని పెట్టెల వెట్టిన."

ఆమె పెట్టె దగ్గరికి పోయి మూత తీసింది. పులిసిపోయిన గంజిలాంటి వాసన ఇల్లంతా కమ్మింది. లోపల చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి అట్లాగే ఉంచింది. నేనూ పెట్టి చూశాను. పెట్టె లోపల వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన మనిషి ఒంటిలా. కొన్ని గింజలకు తెల్లటి మొలక వచ్చి చచ్చిపోయింది, మిగతావాటికి బూజు పట్టింది.

"పాణమున్నదాన్ని పెట్టెల వెట్టి మూతేసినవ్ బిడ్డా," అంది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. అప్పుడు నాకు అర్థమైంది. అంతకుముందు దాకా అవి నాకు వస్తువులు.

ఆశ వదులుకోక, బాగున్నట్టు కనిపించిన గింజలు ఏరి, తడి బట్టలో చుట్టి పొయ్యి పక్కన పెట్టింది. మూడు రోజులయ్యాక విప్పి చూస్తే మొలిచినవి ఒక చేతి వేళ్లకు సరిపోయాయి. ఆ మధ్యాహ్నం బాపు అన్నానికి కూర్చున్నప్పుడు, విత్తనం పోయిందని, ఎలుకలు కొట్టాయని చెప్పింది. నా వైపు చూడలేదు. బాపు రొట్టె తుంచుతూ, పోతే పోనియ్ అవ్వా, మంచిదే ఆయె, ఆ అరెకరం గూడ పత్తే వెడ్దాం అన్నాడు. ఆయనది కోపం కాదు. ఇంట్లో ఐదుగురం, చెలక జొన్న ఇచ్చేది తిండికే, పత్తి ఇచ్చేది చేతికి. ఆ లెక్క నాకు ఇప్పుడు తెలుసు. నశం డబ్బీ మూత చప్పుడైంది.

"ఆరుద్ర ఎల్లేదాక నా చెలక ముట్టకు రాజయ్యా. అండ్ల నా గింజ వడకపోతే నువ్వు పత్తి వెట్టుకో, తంబాకు వెట్టుకో, నేను నోరు తెరువ."

"యాడికెల్లి తెత్తవే?"

"నేను ఇచ్చిన కాడికెల్లి."

ఆరుద్ర వెళ్లిపోవడానికి ఇక నాలుగు వారాలు లేవు. మరునాటి నుంచి ఆమె నా భుజం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. మా ఊళ్లో, పక్క ఊళ్లో, ఎన్నో ఏళ్లుగా ఎవరెవరికి పిడికెడు విత్తనం ఇచ్చిందో ఆమెకు అన్నీ గుర్తు. ఒక ఇంట్లో జొన్న మానేసి పదేళ్లయింది. ఇంకో ఇంట్లో సంచుల్లో వచ్చే హైబ్రీడు వేస్తున్నారు. మూడో ఇంటావిడ చాలా మర్యాదగా మంచం వేసి కూర్చోబెట్టి, విత్తనమా అత్తా, నిరుడే రొట్టెలు జేసుకొని తిన్నం, మస్తు రుచిగుండె అంది. బాపమ్మ ఆ ఇంట్లోంచి బయటికి వచ్చి నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. ఎండలో ఆమె అరికాళ్లు పగిలి రక్తం కనిపిస్తోంది. ఇక చాలు అందామనుకున్నాను. ఏ నోటితో అనను?

మిగిలింది ఒక్క ఇల్లు. బాపమ్మ చెల్లెలు మల్లవ్వ, ఏటూరునాగారం పోయే తోవలో అడవి అంచు ఊళ్లో ఇచ్చారు ఆమెను. పెళ్లైన కొత్తలో అక్క దగ్గర విత్తనం తీసుకుపోయింది. ఇంకా వేస్తుందో లేదో తెలియదు, ఉత్తరం రాసి తెలుసుకునే సమయం లేదు. నెక్కొండ దాకా నడిచి, ప్యాసింజర్ బండిలో వరంగల్ వచ్చి, హన్మకొండలో బస్సెక్కాం. బాపమ్మ మూటలో మూడు రకాల విత్తనాలు ఉన్నాయి, కంది, బబ్బెర, అనుములు. విత్తనం అడగబోయేవాళ్లు ఒట్టి చేతులతో పోకూడదట. బస్సు ములుగు దాటాక రెండు వైపులా చెట్లు దగ్గరికొచ్చాయి. బాపమ్మ కిటికీ పక్కన కూర్చొని, ఇప్పుడు టేకులు, ఇప్పుడు ఇప్పచెట్లు అని వాసన పట్టి చెబుతూ పోయింది. సగం తప్పే చెప్పి ఉంటుంది. సరిచేసేంత జ్ఞానం మూడు బీరువాలు చదివిన నాకు లేదు.

మల్లవ్వ మమ్మల్ని చూసి చాట కింద పడేసింది. "అక్కా, ఇంత ఎండల ఏమొచ్చినవే? ఎవలన్న పోయిండ్రా?"

"పోయింది. విత్తనం పోయింది."

లోపలికి పిలవలేదు. గడప అవతల ఆమె కూర్చుంది, ఇవతల మేం కూర్చున్నాం. బాపమ్మ మూట విప్పి మూడు విత్తనాలూ చాటలో పోసింది. మల్లవ్వ వాటిని తీసుకొని, ఎట్లా పోయింది అని అడిగింది. వాళ్ల పుట్టింటి పద్ధతి అది, నాకు అంతవరకూ తెలియదు. విత్తనం అడిగేవాళ్లు తమది ఎట్లా పోయిందో ఉన్నదున్నట్టు చెప్పి అడగాలి. దాచి అడిగితే ఆ గింజ మొలవదని వాళ్ల నమ్మకం. బాపమ్మ ఎలుకల మాటే చెబుతుందనుకొని నేను తల వంచుకున్నాను. డబ్బీ మూత చప్పుడైంది. ఆమె నా మోకాలు మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పు అనసూర్యా" అంది.

చెప్పాను. సార్ వస్తున్నారని సున్నం వేశానని, మసి అసహ్యమనిపించిందని, కడిగానని, తడిగా ఉండగానే పెట్టెలో పెట్టానని, నేనేనని. కొస దాకా చెప్పాను. మల్లవ్వ నా మొహం చూసి, నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"కడిగిందా? అక్కా, సబ్బు గూడ వెట్టిందా?"

"సబ్బు మీద దానికింకా పుస్తకం దొరకలే," అంది బాపమ్మ.

వాళ్లిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని నవ్వుతుంటే నేను ఏడ్చాను. ఆ తర్వాత లోపలికి పిలిచారు. పొయ్యి మీద బొంగు, బొంగుకు గుత్తులు. మా ఇంటివాటికన్నా నల్లగా, ఇంకా ఎక్కువ బూజుతో. పెంకుల సందుల్లోంచి ఎండ సన్నగా గీతలు గీతలుగా దిగుతోంది, కట్టె పొగ ఆ గీతల మీదుగా మెల్లగా ఎక్కి, కంకుల్లోకి దూరి, మళ్లీ బయటికి వస్తోంది. ఒక్కో గుత్తి చుట్టూ నీలం రంగు. వారం పది రోజుల ముందైతే ముక్కు మూసుకునేదాన్ని. అంత అందమైన వస్తువును నేను ఏ పుస్తకంలోనూ చదివి ఎరగను. ఈ మాట ఇప్పుడు రాస్తున్నప్పుడు వచ్చిన మాట కాదు, అప్పుడే అనుకున్నాను. మల్లవ్వ గుత్తులు దించి, ఒక కంకి తనకు, ఒక కంకి అక్కకు, రెండు కుప్పలు పోసింది. చివర ఒకటి మిగిలితే ఇద్దరూ వాదులాడాక, మల్లవ్వ దాన్ని మా మూటలోనే కుక్కింది.

అరెకరానికి ఆ గింజ చాలదు. బాపు మూటను చేత్తో ఎగరేసి చూసి, ఇగో దీనికా ఇంత తిరుగుడు అన్నాడు కానీ ఎడ్లను కట్టాడు. ఆరుద్రలో రెండో వారం, అదునుకు చాలీచాలని తడి. చేను నడుమ జొన్న, చుట్టూ పెసర, కంది. బాపు గొర్రు పట్టాడు, దాని మీది జడ్డిగంలో, అంటే గింజలు జారే కర్ర గిన్నెలో, బాపమ్మ పిడికిలి లోంచి గింజ వదులుతూ నడిచింది. చూపు లేకపోయినా సాలు తప్పలేదు. తర్వాత నాలుగు రోజులు చుక్క పడలేదు. పిచ్చుకలు వచ్చాయి, చీమలు వచ్చాయి. నేను పొద్దంతా చెలకలో నిలబడి పిట్టలను తోలాను, ఆ నాలుగు రోజులూ ఏ పుస్తకం ముట్టలేదు. ఐదో రోజు తెల్లవారుజామున జల్లు పడింది. ఏడో రోజు పొద్దున్నే బాపమ్మ చెలకలో వంగి నేలకు అరచెయ్యి ఆనించి, దువ్వెన పళ్ల మీద చెయ్యి వేసినట్టు మెల్లగా జరిపింది. "అచ్చినయ్," అంది. నేను వంగి చూస్తే ఎర్ర మట్టిలోంచి సూది మొనల్లా పచ్చగా, వరుసగా, చివర ఒక్కో చుక్క నీరు.

ఆ ఏడు నేను మా ఊరి రుతువులన్నీ మొదటిసారి చూశాను. మొలక ఆకు ఎన్నో రోజుకు విచ్చుకుంటుందో, పొట్టలోంచి కంకి తొంగిచూసేటప్పుడు ఎట్లాంటి లేత వాసన వస్తుందో, గునుగు పూసేనాటికి చెలకలో గాలి ఏ వైపు నుంచి తిరుగుతుందో, చిలుకలు ఏ జాముకు వస్తాయో. కార్తీకంలో కంకులు ఎంచే రోజున బాపమ్మ కొడవలి నా చేతికిచ్చి తాను గట్టు మీద కూర్చుంది. నేను ఒక్కో కంకి కోసి తెచ్చి చేతిలో పెడితే, తడిమి, కొన్ని తన ఒడిలో, కొన్ని పక్కన వేసేది. పక్కన పడినవే ఎక్కువ. మధ్యాహ్నం దాటాక మాత్రం వరసగా ఏడెనిమిది ఒడిలోకే పోయాయి. గ్రంథాలయంలో నాకు దొరికిన ఏ మెప్పూ దానికి సాటి రాదు. కొత్త జొన్న రొట్టె చేసుకొని తింటున్నప్పుడు బాపు తలెత్తకుండానే, పొయ్యి మీది బొంగుకు ఎక్కాలంటే ఎలుక మన అనసూర్య అంతుండాలె అన్నాడు. అమ్మ పొలమారి నీళ్లు తాగింది. ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

ఇదంతా నర్సయ్య సార్‌తో చెప్పాను. పుస్తకం మీద నాకు కోపం వచ్చిందేమోనని ఆయన భయపడ్డారు. రాలేదు. అది రాసిన మనిషి మా వంటిల్లు చూడలేదు, అంతే. నాలుగో బీరువా మొదలుపెట్టాను, అదీ పూర్తి చేశాను.

అప్పటికీ ఇప్పటికీ తూచి చూస్తే పాతదంతా బంగారమని నేను అనను. ఆ పొగకే మా అమ్మ జీవితాంతం దగ్గింది, కాబట్టి ఆరోగ్యం పుస్తకం చెప్పింది నిజమే. బాపమ్మ కంటికి ఆపరేషన్ చేయించే దవాఖాన అప్పట్లో మాకు అందలేదు, ఇప్పుడైతే ఊళ్లోకే వచ్చి చూస్తున్నారు. బాపమ్మ పోయిన మూడో ఏడు చెలకలోకి పత్తి వచ్చింది. బాపును తప్పుపట్టను. నేను పెళ్లై మట్టెవాడ వచ్చాను, గ్యాస్ పొయ్యి మీద వండుకున్నాను, కంకులు ఎంచే చేతులతో రవికలు కుట్టాను. కలుపు మందు వచ్చాక గునుగు కూడా తగ్గింది. పత్తి చేనుకూ ఒక అందం ఉంది, కాయ పగిలే నెలలో వెన్నెల్లో చూడాలి, కాదనను. కానీ పత్తి విత్తనాన్ని ఎవరూ ఇంట్లో దాచరు, ప్యాకెట్ చించి వేస్తారు, ప్యాకెట్ పారేస్తారు. ఈమధ్య హన్మకొండలో సాయంత్రం పూట రోడ్డు పక్కన వేడి జొన్న రొట్టెలకు వరుస కడుతున్నారు. షుగర్ వచ్చినవాళ్లంతా జొన్నను తలుచుకుంటున్నారు. నేనూ ఆ వరుసలో నిలబడ్డాను, రొట్టె బాగుంది, అందులో మా గింజ లేదు.

పిల్లలు వచ్చి పోయిన తర్వాత నేను ఊరుకోలేదు. ఎండాకాలంలో కొట్టు నాలుగు రోజులు మూసి, మల్లవ్వ ఊరికి పోయాను. ఆమె లేదు, కోడలు సమ్మక్క ఉంది, ఆమెకే అరవై దాటాయి. బ్యాగులో కంది, బబ్బెర, అనుములు తీసుకుపోయాను, అవి అంగడిలో కొన్నవి, అదీ చెప్పాను. గడప ఇవతల కూర్చొని, విత్తనం రెండోసారి ఎట్లా పోయిందో చెప్పాను. బాపమ్మ పోయినంక అడిగినవాళ్లు లేరు, అడగాల్సింది నేను, నేను మిషన్ తొక్కుకుంటూ ఊరుకున్నాను అని. సమ్మక్క ఇంటి వెనక మక్కజొన్న చేను అంచున ఏటా నాలుగు సాళ్లు వేస్తుందట, కోళ్లకు. నాలుగు కంకులిచ్చింది. అదే విత్తనమని నేను ప్రమాణం చేయలేను. నడుమ ఎన్ని గాలులు కలిశాయో. బాపమ్మ అయితే ముట్టుకొని చెప్పేది. మా తమ్ముడు పత్తి మధ్యలో మూడు సాళ్లు వదిలాడు. మొలిచాయి, పండాయి, చిలుకలకు పోగా మిగిలినవాటిలో నేను ఎంచాను. నట్టనడుమవే.

ఇక పేర్లు. కాపీలో అక్షరదోషాలు దిద్ది ఫోనులో టైపు చేసిన మా మేనకోడలు రమ్యకు, మూడు సాళ్ల పత్తిని వదులుకొని మూడు వందల మాటలన్న మా తమ్ముడు రవీందర్‌కు, గడప దగ్గర నా మాట పూర్తిగా విన్న సమ్మక్కకు, ఇప్పుడు లేని నర్సయ్య సార్‌కు, ఈ రాత కోసం తమ రవికలు రెండు వారాలు ఆలస్యమైనా ఊరుకున్న మా వీధి ఆడవాళ్లకు, ముఖ్యంగా ఊరుకోని పద్మక్కకు, ఈ పని నా మీద పెట్టిన కాలేజీ పిల్లలు శ్రావణికి, అఖిల్‌కు నేను రుణపడి ఉన్నాను. బాపమ్మ పేరు లచ్చవ్వ. అచ్చులో ఇదే మొదటిసారి. ఇంకొక్కరు ఉన్నారు. నా ఇంట్లో కట్టెల పొయ్యి లేదు, మట్టెవాడలో వెతికితే రోజంతా కట్టెలు మండే పొయ్యి ఒక్కటి దొరికింది, మిర్చి బజ్జీల సాంబయ్యది. ఈ ఏటి కంకులు ఇప్పుడు ఆయన పొయ్యి మీద వేలాడుతున్నాయి. గిరాకీకి వచ్చినవాళ్లు అడిగితే దిష్టికి కట్టినమని చెప్తున్నాడట. మొన్న పోయి చూశాను, బాగా నల్లబడ్డాయి. మృగశిర దాకా వాటిని ఎవరూ తుడవకుండా చూస్తున్నందుకు సాంబయ్యకు నా నమస్కారాలు.